శిక్ష కాని శిక్ష: వలస అధికారి అధికారాలు

"చట్టాన్ని అతిక్రమించినవాడు ఫలితం అనుభవిస్తాడు. దీనికింత గోల ఎందుకు?" 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్ళతో తెచ్చి అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దించిన నాటినుంచీ మన విద్యావంతులలో కొందరు యీ మాటను మంత్రంలాగా జపిస్తున్నారు. ఆ మరునాడు రాజ్యసభలో మన విదేశాంగమంత్రి ఇచ్చిన సమాధానానికీ దీనికీ పెద్ద తేడా లేదు. వెళ్ళగొట్టడం కొత్త కాదట. 2009 నుంచి 15 వేలమందికి పైగా అలాగే తిరిగి వచ్చారట. బంధించి విమానమెక్కించే పద్ధతి 2012 నుంచీ అమలులో వున్నదేనట! అన్యాయానికి వయస్సు మీరితే అది న్యాయమవుతుందన్న యీ తర్కం మనకు కొత్త కాదు. అంటరానితనాన్ని సమర్థించినవారు చెప్పిందీ యిదే.

చట్టం పేరు చెప్పి నోరు నొక్కేవారిని మనం ఒక మాట అడగాలి. ఆ చట్టమేమిటో మీరు చూశారా? సంకెల వేసిన అధికారికి ఆ అధికారం ఎవరిచ్చారు? అతని కాగితంమీద సంతకం ఎవరిది? అతను పొరపాటు చేస్తే చెప్పుకోవడానికి చోటెక్కడ? ఏ దేశానికైనా సరిహద్దులుండవా, రాకపోకలకు నియమాలుండవా అని వాదించేవారు లేకపోలేదు. వుంటాయి. నియమాలు వుండాలా వద్దా అన్నది యిక్కడ చర్చ కాదు. నియమం పేరుతో ఒక మనిషికి మరొక మనిషిమీద ఎంత అధికారం ఇచ్చారన్నదే చర్చ.

యీ విషయంలో చెప్పదలచింది ఒక్కటే. వలస అధికారి చేతిలోని అధికారం మామూలు పోలీసువాడి అధికారంకంటె పెద్దది. అంత పెద్దది కావడానికి కారణం, అతను చేసే పనిని "శిక్ష కాదు" అని చట్టం పిలవడమే. యీ మాటల గారడీవల్ల లాభపడుతున్నది ప్రజలు కాదు. భయంతో, చవకగా, నోరెత్తకుండా పనిచేసే కూలీ కావలసిన యజమాని లాభపడుతున్నాడు.

గారడీ ఎప్పుడు మొదలైంది? అమెరికా 1882లో చైనా కూలీల రాకను నిషేధించింది. రైలుమార్గాలు వేయించుకున్నంతకాలం అవసరమైన చేతులు, పని అయిపోయాక అంటరానివైపోయాయి. 1892లో మరొక చట్టం తెచ్చి, అప్పటికే దేశంలో వున్న ప్రతి చైనా కూలీ నివాసపత్రం దగ్గర పెట్టుకోవాలన్నారు. అది లేకపోతే తాను చట్టం వచ్చేనాటికే అక్కడ వున్నట్లు నమ్మదగిన తెల్లవాడొకడు సాక్ష్యం చెప్పాలి! దీనిమీద వచ్చిన ఫాంగ్ యూ టింగ్ కేసులో 1893లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: దేశంనుంచి వెళ్ళగొట్టడం నేరానికి విధించే శిక్ష కాదు, కనుక నేరవిచారణలో వుండే రక్షణలు దీనికి వర్తించవు. ముగ్గురు న్యాయమూర్తులు వొప్పుకోలేదు. కాని మెజారిటీ మాటే చట్టమైంది. పదేళ్ళకు, 1903లో, విదేశీయుడికైనా తన వాదం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని అదే కోర్టు అన్నది. అన్నదేగాని, పునాది కదలలేదు.

యిల్లు, ఉద్యోగం, భార్యాబిడ్డలు, ముప్ఫయ్యేళ్ళ బతుకు సర్వం లాగేసుకుని విమానం ఎక్కిస్తే అది శిక్ష కాదు! పది రూపాయల జరిమానా శిక్ష. ఆ పది రూపాయలకు మేజిస్ట్రేటు కావాలి, సాక్ష్యం కావాలి. దేశబహిష్కరణకు మాత్రం ఒక ఆఫీసరు చాలు.

ఆ పునాదిమీద కట్టిన భవనాన్ని లోపలికి వెళ్ళి చూద్దాం. నేటికీ అమలులో వున్నది 1952నాటి వలస, జాతీయతా చట్టం. మెకార్తీ యుగపు బిడ్డ అది. అధ్యక్షుడు ట్రూమన్ దాన్ని తిరస్కరిస్తే, ఆయన మాట తోసిపుచ్చి కాంగ్రెసు ఆమోదించింది. దాని 287వ సెక్షను ప్రకారం, విదేశీయుడని తాను నమ్మిన ఎవరినైనా వారంటు లేకుండా ప్రశ్నించవచ్చు. చట్టాన్ని అతిక్రమించి దేశంలో వున్నాడనీ, వారంటు తెచ్చేలోగా పారిపోతాడనీ నమ్మితే అక్కడికక్కడే పట్టుకోవచ్చు. నమ్మేదెవరు? అధికారే. సరిహద్దునుంచి 100 మైళ్ళ లోపల బస్సులనూ రైళ్ళనూ ఆపి విదేశీయులకోసం వెతకవచ్చునని నిబంధనలు చెబుతున్నాయి. సరిహద్దంటే ఎక్కడో ఎడారిలోని ముళ్ళకంచె అనుకునేరు! సముద్రతీరమూ సరిహద్దే. ఆ దేశ జనాభాలో మూడింట రెండువంతులు యీ 100 మైళ్ళ పట్టీలోనే బతుకుతున్నారు.

యిక వారంటు సంగతి. మనకు తెలిసిన వారంటు జడ్జి సంతకంతో వచ్చేది. పోలీసువాడు తన అనుమానానికి కారణాలు చూపాలి, పోలీసు కాని మరొకరు వాటిని తూచాలి. వారంటు అనే పదార్థంలోని సారమంతా అదే. వలస శాఖ వారంటును మాత్రం వలస శాఖ అధికారే సంతకం చేస్తాడు. అరెస్టుకు ఒక ఫారం, వెళ్ళగొట్టడానికి ఒక ఫారం. అడిగేదీ, యిచ్చేదీ, అమలు జరిపేదీ ఒకే శాఖ. ఆ కాగితం పట్టుకుని యింటివారి అనుమతి లేకుండా గడప దాటరాదన్నది కోర్టులు చెబుతూ వచ్చిన సూత్రం. తెల్లవారుజామున తలుపు బాదుతూ, "పోలీసు" అని రాసివున్న కవచం తొడుక్కున్న నలుగురు కనబడితే, ఆ కాగితంమీద సంతకం జడ్జిదా, గుమాస్తాదా అని విచారించే ధైర్యం ఎంతమందికి వుంటుంది? ఆ అజ్ఞానమూ ఆ భయమూ కూడా యీ యంత్రాంగంలో భాగాలే.

వారంటు లేకుండా పట్టుకుంటే ఏమవుతుంది? మరో అధికారి అతన్ని పరీక్షించి, 48 గంటలలో నిర్ణయం చేయాలి. బాగానే వున్నది కదా అంటారా? నిబంధన చివరిదాకా చదవండి. వేరే అధికారి అందుబాటులో లేకపోతే పట్టుకున్న అధికారే పరీక్షించవచ్చు. అసాధారణ పరిస్థితులున్నాయంటే 48 గంటలు మరికొంత "సమంజసమైన" కాలం సాగవచ్చు. తలారీ మునసబూ ఒక్కడే అయితే తగవు ఎలా తీరుతుందో మన పల్లెటూరి రైతు చెప్పగలడు.

అక్కడినుంచి వలస కోర్టుకు పోదాం. పేరు కోర్టు. దాని న్యాయమూర్తి స్వతంత్ర న్యాయవ్యవస్థకు చెందినవాడు కాడు. అటార్నీ జనరల్ కింద పనిచేసే ఉద్యోగి. 2025లో అటువంటివారిని పదుల సంఖ్యలో తొలగించారు. ఎదుట నిలబడినవాడికి వకీలును పెట్టుకునే హక్కు వున్నది, సొంత ఖర్చుతో. డబ్బు లేకపోతే ప్రభుత్వం వకీలును యివ్వదు. హత్య చేసినవాడికి యిచ్చే వకీలు, వీసా గడువు దాటినవాడికి లేడు. తల్లిదండ్రులు తోడు లేని పసిపిల్లలు సైతం వకీలు లేకుండా ప్రభుత్వపు వకీలుకు ఎదురుగా నిలబడిన సందర్భాలున్నాయి. 1996నాటి చట్టం యీపాటి విచారణ కూడా అక్కరలేని మార్గం కనిపెట్టింది. దాని పేరు త్వరిత బహిష్కరణ. అధికారి రాసిందే తీర్పు. మొదట సరిహద్దు దగ్గర వాడిన యీ ఆయుధాన్ని 2025 జనవరిలో దేశమంతటికీ చాచారు; ఆగస్టులో ఒక ఫెడరల్ న్యాయమూర్తి అడ్డుపడ్డారు. యీలోగా, వాయిదాకు బుద్ధిగా హాజరైనవారి కేసులను ప్రభుత్వమే కొట్టివేయించి, కోర్టు వరండాలో కాచుకుని వారిని పట్టుకునే విద్య మొదలైంది. చట్టానికి లోబడమని ఉపదేశించే పెద్దలు దీన్ని కాస్త గమనించాలి. అక్కడ చట్టానికి లోబడి వచ్చినవాడే ముందుగా దొరికిపోయాడు!

సరే, అధికారి చట్టవిరుద్ధంగా పట్టుకుంటేనో? నేరవిచారణలో అయితే అలా సంపాదించిన సాక్ష్యం చెల్లదు. 1976లో కాలిఫోర్నియాలో ఒక రిపేరు షాపుకు వలస అధికారులు వారంటు లేకుండా వచ్చారు. పనివేళలో కూలీలను ప్రశ్నించడానికి వీల్లేదని యజమాని అన్నాడు. ఒక అధికారి అతన్ని మాటల్లో పెడితే మరొక అధికారి లోపలికి దూరి ఒక కార్మికుణ్ణి పట్టుకున్నాడు. 1984లో ఆ లోపెజ్-మెండోజా కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఏమన్నది? దేశబహిష్కరణ నేరవిచారణ కాదు గనుక ఆ సాక్ష్యం సాధారణంగా చెల్లుతుందన్నది. మళ్ళీ అదే మంత్రం! అదే ఏడాది మరో కేసులో, బట్టల ఫ్యాక్టరీ గుమ్మాల దగ్గర అధికారులు నిలబడి, లోపల వరుసలవెంట తిరుగుతూ ప్రశ్నలడిగినంతమాత్రాన కార్మికులను నిర్బంధించినట్లు కాదని తేల్చింది. గుమ్మంలో ఆయుధాలతో మనుషులు నిలబడి వుంటే లోపలివాడు స్వేచ్ఛగా వున్నాడని నమ్మడానికి ఎంత చదువు కావాలో!

వీధిలో ఎవరిని ఆపవచ్చు? 2025 జులైలో లాస్ ఏంజెలెస్ న్యాయమూర్తి ఒకరు నాలుగు అంశాలను ఎంచి, కేవలం వాటినిబట్టి మనుషులను ఆపరాదన్నారు: జాతి, భాష లేక ఉచ్చారణ, నిలబడిన చోటు, చేసే పని. సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. చేసే పని అన్న అంశాన్ని జాగ్రత్తగా చూడండి. కార్లు కడిగేచోట, కూలీల అడ్డాలో, పొలంలో నిలబడినవాడు అనుమానితుడు. బ్యాంకు మెట్లమీద నిలబడినవాడు కాడు. వర్గదృష్టి మార్క్సిస్టుల పిచ్చి అని వెక్కిరించేవారికి యింతకంటె మంచి పాఠం దొరకదు. ఆ దృష్టి అమెరికా అధికారికి మనకంటె బాగా వున్నది.

యిప్పుడు మూలానికి రావచ్చు. యింత యంత్రాంగం ఎవరికోసం? దేశంలోని పత్రాలు లేని కూలీలందరినీ నిజంగా వెళ్ళగొట్టాలన్న కోరిక అక్కడి ధనికవర్గానికి ఏనాడూ లేదు. 1954లో మెక్సికన్ కూలీలను వేటాడి లారీలకెత్తిన కాలంలోనే, ఒప్పందం కూలీలుగా మెక్సికన్లను రప్పించుకునే పథకం కూడా నడిచింది. అది 1942 నుంచి 1964 దాకా సాగింది. ఒక చెయ్యి తోస్తే ఒక చెయ్యి లాగింది. రెండు చేతులూ ఒక ఒంటివే. వెళ్ళగొట్టబడినవాడికంటె, వెళ్ళగొట్టబడగలవాడు యజమానికి ఎక్కువ అవసరం. 2018లో మిసిసిపీ రాష్ట్రంలో కోళ్ళ మాంసం తయారుచేసే ఒక కంపెనీ, లాటిన్ కార్మికులపై వేధింపుల దావాను 37 లక్షల 50 వేల డాలర్లకు రాజీ చేసుకున్నది. 2019 ఆగస్టు 7న వలస అధికారులు ఆ ప్రాంతపు ఫ్యాక్టరీలమీద పడి, ఒక్కరోజున సుమారు 680 మంది కార్మికులను పట్టుకుపోయారు. దావాకెక్కిన ఫ్యాక్టరీ కూడా వాటిలో వున్నది. దావాకూ దాడికీ ముడి వున్నదని రుజువైనట్లు నేననడం లేదు. ముడి అక్కరలేదు. మిగిలిన కార్మికులకు పాఠం అందింది. మేనేజర్లమీద కేసులు పెట్టడానికి ఏడాది పట్టింది; పెట్టింది నలుగురిమీద.

జైలు కూడా వ్యాపారమే. నిర్బంధంలో వున్నవారిలో అత్యధికులను వుంచేది ప్రైవేటు కంపెనీలు నడిపే జైళ్ళలో. 2009 తరువాత కొన్నేళ్ళపాటు, సుమారు 34 వేల పడకలు ఎప్పుడూ సిద్ధంగా వుంచాలని బడ్జెటు చట్టంలోనే రాశారు. 2025 జులైలో ఒక్క చట్టంతో ఐస్ అనే వలస శాఖకు సుమారు 7,500 కోట్ల డాలర్లు కేటాయించారు. అందులో 4,500 కోట్లు నిర్బంధానికే. సత్రం కట్టినవాడు బాటసారులకోసం చూసినట్లు, జైలు కట్టినవాడు ఖైదీలకోసం చూస్తాడు.

యీ ఆయుధానికి రెండో అంచు వున్నది. వలస అధికారి మొదటినుంచీ రాజకీయ పోలీసు కూడా. గదర్ వీరుల చరిత్ర తెలిసినవారికి హాప్కిన్సన్ పేరు గుర్తుండాలి. కలకత్తా పోలీసు నుంచి పోయి వాంకూవర్‌లో వలస శాఖలో చేరి, బ్రిటిష్ ప్రభుత్వానికి భారతీయ విప్లవకారుల కూపీలు చేరవేసినవాడు. 1914లో హర్‌దయాళ్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోలో పట్టుకున్నది వలస చట్టం పేరుతోనే. మన దరిశి చెంచయ్యగారు బర్క్‌లీలో చదువుతూ గదర్ పార్టీలో చేరిన రోజులవి. 1919 డిసెంబరులో ఎమ్మా గోల్డ్‌మన్‌తో సహా 249 మందిని ఓడకెక్కించి రష్యాకు తోలిందీ, 1920 జనవరిలో వేలాదిమంది ఎర్రవారిని రాత్రికి రాత్రి పట్టుకున్నదీ యీ చట్టంతోనే. రేవు కార్మికుల నాయకుడు హ్యారీ బ్రిడ్జెస్‌ను ఆస్ట్రేలియాకు తరిమివేయడానికి ఏళ్ళతరబడి ప్రయత్నించి ఓడిపోయారు. 2025 మార్చిలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు టర్కీ దేశపు పరిశోధక విద్యార్థినిని ముసుగులు వేసుకున్న అధికారులు వీధిలో చుట్టుముట్టారు. పాలస్తీనాగురించి విద్యార్థుల పత్రికలో ఒక వ్యాసంమీద సంతకం చేయడమే ఆమె చేసిన పని. ఆరువారాలు లూసియానా నిర్బంధంలో వుండి ఆమె కోర్టు ఉత్తర్వుతో బయటపడింది. రచయితలం, విద్యార్థులం, ఉపాధ్యాయులం. వ్యాసానికి వేసిన యీ సంకెల మనది కాదా?

"మనవాళ్ళు చదువుకున్నవాళ్ళు, చట్టబద్ధంగా వెళ్ళినవాళ్ళు, మెక్సికన్ కూలీతో మనకేమి పోలిక?" అనే తెలుగు మధ్యతరగతి భ్రమకు రెండు జవాబులున్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతబడింది. మోసం చేసింది యాజమాన్యం. దాని అధ్యక్షురాలికి తరువాత జైలుశిక్ష పడింది. కాని ముందుగా కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించింది విద్యార్థులకు. అక్కడ చదివినవారిలో అత్యధికులు ఆంధ్రదేశంనుంచి వెళ్ళినవారే. రెండో జవాబు యింకా ఘనమైనది. 2015లో మిచిగాన్ రాష్ట్రంలో వలస శాఖ తానే ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనే దొంగ విశ్వవిద్యాలయం తెరిచింది. తరగతి లేదు, అధ్యాపకుడు లేడు. వెబ్‌సైటు వున్నది, ముద్ర వున్నది, ప్రభుత్వ జాబితాలో పేరు వున్నది. 600 మందికి పైగా చేరారు. అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు ఎందరో. ఫీజులు వసూలు చేసుకుని, 2019 జనవరి 30న వల బిగించారు. మొదటి విడత పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు.

వారిలో కొందరు తెలిసే చేరారంటారు. చేరివుండవచ్చు. చదువుకోసం కాక పనికోసం కాగితం కొనుక్కున్నారే అనుకుందాం. ఆ కాగితం అమ్మింది ఎవరు? ప్రభుత్వం అంగడి పెట్టి, సరుకు అమ్మి, డబ్బు తీసుకుని, కొన్నందుకు బేడీలు వేస్తే, దొంగే "దొంగ, దొంగ" అని అరవడం కాక మరేమిటి? ఫీజు తిరిగి యిమ్మని వేసిన దావాను కింది కోర్టు కొట్టివేస్తే, అది విచారించదగినదేనని అప్పీలుకోర్టు చెప్పడానికి 2024 దాకా పట్టింది. విద్యార్థిదీ కూలీదీ వేరే జాతి కాదు. ఉద్యోగం పోయిన హెచ్-1బి యింజనీరుకు మరో యజమానిని వెతుక్కోవడానికి గడువు హెచ్చుపక్షం 60 రోజులు. అతని మెడలోని తాడు కాస్త పొడుగు. కట్టిన గుంజ ఒక్కటే.

2025 సెప్టెంబరు 4న జార్జియా రాష్ట్రంలో బ్యాటరీ ఫ్యాక్టరీ కడుతున్నచోట 475 మందిని పట్టుకున్నారు. వారిలో 300 మందికి పైగా కొరియా దేశస్థులు. వారికీ మొదట సంకెళ్ళు వేశారు. కొరియా ప్రజలు ఆగ్రహించారు, ప్రభుత్వం నిలదీసింది. వారంరోజులలో బేడీలు లేకుండా ప్రత్యేక విమానంలో తమవారిని తీసుకుపోయింది. చట్టం మారలేదు. వెనక నిలిచిన పెట్టుబడి వేరు, అంతే. మార్చడానికి వీల్లేని నిబంధన ఏదీ లేదని దీనితో తేలిపోయింది. మన మంత్రిగారికి దొరకనిది నిబంధన కాదు, నోరు.

కాని మన నోటికి అడ్డుపడేది మరొకటి వున్నది. యీ దేశంలోనూ ఆ అధికారి వున్నాడు. 1946లో తెల్లదొర రాసిన విదేశీయుల చట్టం, తాను విదేశీయుణ్ణి కానని నిరూపించుకునే భారం పట్టుబడినవాడిమీదే పెట్టింది. ఆ చట్టం పోయి 2025 సెప్టెంబరు 1నుంచి వలస, విదేశీయుల చట్టం వచ్చింది. దొర పోయినా ఆ భారం పోలేదు. హెడ్ కానిస్టేబులుకు సైతం వారంటు లేకుండా అరెస్టుచేసే అధికారం దక్కింది. అస్సాంలో 2019 ఆగస్టులో 19 లక్షలమంది పేర్లు పౌరుల జాబితాలో లేకుండా పోయాయి. వారిలో ఎక్కువమంది కాగితాలు దాచుకునే పెట్టె లేని పేదలు. 2025 జూన్‌లో బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాకు చెందిన ఒక గర్భిణీ స్త్రీని ఢిల్లీలో పట్టుకుని బంగ్లాదేశ్‌లోకి నెట్టేశారు. ఆమె భాష బెంగాలీ, బతుకు కూలీ. హైకోర్టు తప్పుపట్టి, సుప్రీంకోర్టు దాకా పోతేగాని డిసెంబరులో ఆమె తిరిగి రాలేదు. భాష, ఉచ్చారణ, చోటు, పని: లాస్ ఏంజెలెస్ జాబితా గురుగ్రామ్ బస్తీలో కూడా పనికివస్తున్నది. అమృత్‌సర్ విమానం చూసి కన్నీరు కార్చి, యీమె విషయంలో "చట్టం తన పని తాను చేసింది" అనేవాడు, అమెరికా అధికారికి అమెరికాలోనే కాదు, యిక్కడా వత్తాసు పలుకుతున్నాడు.

కనుక జాలి చాలదు. మనం కోరవలసినవి స్పష్టమైనవి, ఏ దేశంలోనైనా ఒక్కటే. మనిషిని పట్టుకోవడానికి జడ్జి సంతకం వుండాలి. పట్టుకునేవాడికి ముఖమూ పేరూ వుండాలి. డబ్బు లేనివాడికి ప్రభుత్వం వకీలును యివ్వాలి. రుజువు భారం నింద మోపినవాడిమీద వుండాలి. కూలీకోసం, గౌరవంకోసం ఫిర్యాదుచేసిన కార్మికుణ్ణి ఆ ఫిర్యాదు కారణంగా దేశం దాటించరాదు. యివి విప్లవ నినాదాలు కావు. దొంగకూ హంతకుడికీ ఏనాడో ఒప్పుకున్న హక్కులు. వాటిని వలసకూలీకి యివ్వడానికి నిరాకరించే రాజ్యం అతని చట్టవిరుద్ధతను చూసి భయపడడం లేదు. అతను పక్కనున్న స్థానిక కార్మికుడి చెయ్యి పట్టుకుంటాడేమోనని భయపడుతున్నది. ఆ భయాన్ని నిజం చేయడం కార్మికోద్యమం పని. "శిక్ష కాదు" అన్న ముసుగును తీసి ప్రజలకు చూపించడం మన పని.